యాకయ్య నేసిన మడి

యాకయ్య తన పెదనాన్న కొడుకు బాలకిషన్‌ను పారతో రెండు దెబ్బలు కొట్టాడు. మొదటిది పార వీపుతో భుజం మీద పడింది. రెండోది అంచుతో తల మీద పడింది. ఆ రెండింటి మధ్య ఎంత సేపు గడిచిందనే దాని మీద తర్వాత కోర్టులో వకీళ్లు ఒక పూటంతా వాదించుకున్నారు. యాకయ్యను అడిగి ఉంటే వెంటనే చెప్పేవాడు. బాలకిషన్ బురదలో మోకాళ్ల మీద కూలబడి, భుజం పట్టుకుని, తలెత్తి తమ్ముడి ముఖంలోకి చూసేంత సేపు.

అది 2007 ఆగస్టు. నెక్కొండకు నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఊరు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. రెండు కుటుంబాలకూ కలిపి ఒకటే బోరు, రోజు మార్చి రోజు నీళ్ల వంతు. ఆ రోజు వంతు యాకయ్యది. నాటు వేసి వారం కూడా కాలేదు. కరెంటు వచ్చిందని పరుగున పోయేసరికి కాలువకు అడ్డంగా మట్టి వేసి ఉంది, నీళ్లు బాలకిషన్ మడిలోకి పారుతున్నాయి. యాకయ్య ఆ మట్టి తీయడం మొదలుపెట్టాడు. బాలకిషన్ వచ్చి తిట్టాడు. ఇతనూ తిట్టాడు. బాలకిషన్ వంగి దోసెడు బురద తీసి ఇతని ముఖాన కొట్టి నవ్వాడు. ఆ నవ్వు ఇంకా వినపడుతుండగానే మొదటి దెబ్బ పడింది. రెండో దెబ్బ పడేసరికి అక్కడ నవ్వు లేదు.

సద్ది పట్టుకుని వస్తున్న బాలకిషన్ భార్య మొగిలమ్మ ఇదంతా గట్టు మీద నుంచి చూసింది. గిన్నె వదిలేసి పరుగెత్తి వచ్చి, మొగుడి తలను రెండు చేతులా అదిమి పట్టుకుంది. నెత్తురు ఆమె వేళ్ల సందుల్లోంచి కారి మడి నీళ్లలో కలిసి, నారు మొదళ్ల చుట్టూ తిరిగింది. యాకయ్య పార కింద పెట్టకుండా అక్కడే నిలబడ్డాడు. "వదినె" అని పిలిచాడు. ఆమె తల తిప్పలేదు.

వరంగల్ పెద్ద దవాఖానకు చేరకముందే బాలకిషన్ ప్రాణం పోయింది. సాయంత్రానికి అతని మేనమామలు వచ్చి యాకయ్య ఇంటి తలుపులు గొడ్డళ్లతో పగలగొట్టారు. గడ్డివాముకు నిప్పు పెట్టారు. కట్టేసిన గుంజ దగ్గరే ఒక దూడ కాలిపోయింది. అడ్డం పోయిన యాకయ్య తల్లిని రోకలితో కొడితే ఆమె ముంజేయి విరిగింది. భార్య వినోద పెరటి గోడ దూకి, పత్తిచేన్ల మీదుగా పరుగెత్తి, నెక్కొండ స్టేషన్లో రైలెక్కింది. ఆ తర్వాత ఆమె ఆ ఊరి ముఖం చూడలేదు. రెండేళ్లకు, తన కోసం ఎదురుచూడొద్దని జైలుకు మనిషితో చెప్పి పంపింది.

యావజ్జీవ శిక్ష పడిన యాకయ్యను వరంగల్ జైల్లో పెట్టారు. మొదటి మూడేళ్లూ అతను లోపల కూడా కొట్లాటల్లోనే ఉన్నాడు. అన్నం వరుసలో ముందు నిలబడ్డాడని ఒకడి పళ్లు రాలగొట్టాడు. ఇంకొకడు బాలకిషన్ పేరెత్తి వెక్కిరిస్తే వాడి చెవి కొరికాడు. అతన్నీ కొట్టారు, పక్కటెముక ఒకటి ఇప్పటికీ వంకరగానే ఉంది. చివరికి ఎవరి ఆలోచనో గానీ అతన్ని నేల మీద పరిచే జంఖానాలు నేసే షెడ్డుకు పంపారు.

అక్కడ సుదర్శన్ అనే పెద్దాయన పని నేర్పేవాడు. ఆయనా ఖైదీయే. కొత్తవాడలో పుట్టి పెరిగిన నేతగాడు. జంఖానా నేతలో పడుగు పోగుల మధ్య పేక దారం నడిపి, దాన్ని పంజా అనే బరువైన ఇనుప దువ్వెనతో కొట్టి దించుతారు. ఎంత గట్టిగా కొడితే బట్ట అంత చిక్కగా వస్తుంది. యాకయ్య మొదటి రోజు పంజా అందుకుని పొద్దుగూకేదాకా కొట్టాడు. చేతులు బొబ్బలెక్కి పగిలి పిడి తడిసిపోయింది. పడుగు పోగులు పదకొండు తెగాయి. సుదర్శన్ వాటిని ఒక్కొక్కటిగా ముడేసి, "పోగును సంపకు. కూసోవెట్టు" అన్నాడు.

ఒక చలికాలం నూలు రావడం ఆలస్యమైంది. చేతులు ఖాళీగా ఉంటే యాకయ్యకు భయం. చినిగిపోయిన కంబళ్లను పేలికలు చేసి, గోనెసంచుల దారం విప్పి పురిపెట్టి, ఆ రెండూ కలిపి పేకగా వేశాడు. బట్ట సాపుగా రాలేదు. ఒకచోట వేలెడు మందం, ఒకచోట పలచన. చేత్తో రాస్తే గడ్డి కోసిన చేనులా గరుకుగా తగిలేది. దీని మీద ఎవరు పడుకుంటారని సుదర్శన్ మొదట చిరాకుపడ్డాడు. కానీ బండల చలి పైకి రానివ్వని జంఖానా అదొక్కటే అయింది. వారం తిరక్కుండా దాని కోసం ఇద్దరు కొట్టుకున్నారు. ఒకడు స్టీలు పళ్లెం అంచుతో రెండోవాడి నుదురు చీల్చాడు. మరకలు పడ్డ జంఖానాను ఉతకమని యాకయ్యకే ఇచ్చారు. కంబళి పేలికల్లో మరక పోయింది, గోనె దారంలో ఉండిపోయింది. ఏ దారం ఏది పట్టుకుంటుందో, ఏది వదిలేస్తుందో అతనికి అప్పుడు తెలిసింది. ఆ తర్వాత దొరికిన ప్రతిదీ నేసి చూశాడు. బావి చేంతాడు, కొబ్బరి పీచు, సైకిల్ ట్యూబు, చీపురు పుల్లలు.

సుదర్శన్ జైల్లోనే పోయాడు. 2021లో ఆ జైలును ఖాళీ చేసి ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. మగ్గాలు విప్పి లారీలకు ఎత్తుతుంటే యాకయ్య కూడా చేయివేశాడు. మరుసటేడు సత్ప్రవర్తన కింద అతన్ని విడుదల చేశారు. అప్పటికి అతనికి నలభై తొమ్మిదేళ్లు. తల్లి లేదు. ఊరికి పోయే ముఖం లేదు. ఖిలా వరంగల్‌లో ఉండే అక్క యాదవ్వ తన ఇంటి పక్కన రేకుల షెడ్డులో చోటిచ్చింది. ఇరుగుపొరుగు వాళ్లు నెల రోజులు తలుపులు దగ్గరికి వేసుకునే బతికారు. యాదవ్వ మాత్రం రోజూ అన్నం పెట్టి, తిన్నదాకా ఎదురుగా కూర్చునేది.

అతను ఇనుప పైపులతో, పాత మంచం పట్టెలతో తనే ఒక మగ్గం కట్టుకున్నాడు. పంజా కమ్మరి దగ్గర చేయించుకున్నాడు. మార్కెట్ నుంచి చిరిగిన గోనెసంచులు, ఇళ్ల నుంచి పాత చీరలు, లారీల తాళ్లు తెచ్చి నేసేవాడు. అవి మొదట ఆటోల వాళ్లు సీట్ల మీదికి తీసుకున్నారు. తర్వాత మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు కింద పరుచుకోవడానికి తీసుకున్నారు. గట్టిగా ఉంటాయి, జారవు, ఎన్నిసార్లు ఉతికినా చెడవు.

సుభాషిణి అనే ఆమె ఒక కాలేజీలో బొమ్మలు గీయడం నేర్పుతుంది. పిల్లలను కోట రాళ్ల దగ్గరికి తీసుకొచ్చినప్పుడు షెడ్డు ముందు ఆరేసిన జంఖానా చూసి ఆగిపోయింది. దగ్గరికి వచ్చి కళ్లు మూసుకుని దాని మీద అరచేయి నడిపింది. ఆమె మళ్లీ వచ్చింది, మళ్లీ మళ్లీ వచ్చింది. ఇది కాళ్ల కింద వేసేదే కాదు, గోడకు వేలాడదీసి చూడవలసిందని చెప్పింది.

"గోడ మీద ఎవలు పంటరు మేడం?" అన్నాడు యాకయ్య.

ఆమె నవ్వింది. అతను వేళాకోళానికి అనలేదు.

అయినా ఆమె మాట అతనిలో దూరింది. తొమ్మిది అడుగుల పొడవుకు పడుగు వేశాడు. ఏం నేయాలో అనుకోకుండానే కూర్చున్నాడు. కింది నుంచి మొదలుపెడితే తుప్పు నీళ్లలో నానేసిన గోనె పీచు బురదలా పరుచుకుంది. దాని మీద ఆకుపచ్చ చీరల పేలికలను పిలకలు పిలకలుగా పైకి లాగి వదిలాడు. సైకిల్ ట్యూబు కోసి వేస్తే నల్లటి కాలువ వచ్చింది. అప్పటికి గానీ తను ఏం నేస్తున్నాడో అతనికి తెలియలేదు. తెలిశాక నాలుగు రోజులు మగ్గం ముట్టుకోలేదు. ఐదో రోజు ఎర్ర చీర పేలికల్లో కొబ్బరి పీచు కలిపి మెలిపెట్టి, నడుమ ఒకచోట గడ్డలా నేశాడు. పంజాతో దాన్ని ఎంత కొట్టినా దిగలేదు. దిగనిదాన్ని అట్లాగే వదిలేశాడు. అక్కడ చేయి పెడితే గుచ్చుకుంటుంది.

ఇదేమిటని సుభాషిణి అడిగింది. అతను దాచలేదు. మడి, నీళ్లు, పార, రెండు దెబ్బలు, అన్నీ చెప్పాడు.

హనుమకొండలో ఒక హాలు తీసుకుని ఆమె ప్రదర్శన పెట్టింది. పెద్ద జంఖానాను ఎదుటి గోడకు వేలాడదీశారు. పక్కన ఒక అట్టముక్క మీద 'పశ్చాత్తాపం' అని రాసి ఉంది. యాకయ్య దాన్ని రెండుసార్లు చదువుకుని, గంత మాట తను అనలేదని ఆమెతో చెప్పాడు. పేరు లేకపోతే చూసేవాళ్లకు ఎట్లా అర్థమవుతుందని ఆమె నచ్చజెప్పింది. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో, హంతకుడి చేతిలో కళగా మారిన పశ్చాత్తాపమని రాశారు. ఊరి పేరు వేశారు. బాలకిషన్ పేరూ వేశారు.

మూడో రోజు పదకొండు గంటల వేళ మొగిలమ్మ వచ్చింది. యాకయ్య హాల్లో ఒక మూల చిన్న చట్రం ముందు కూర్చుని, నలుగురైదుగురు కాలేజీ పిల్లలకు నేత చూపిస్తున్నాడు. చేతిలో గుడ్డ సంచితో, నెరిసిన జుట్టుతో లోపలికి వచ్చిన ఆమెను అతను నడకను బట్టి గుర్తుపట్టాడు. లేచి నిలబడ్డాడు. ఆమె అతని వైపు రాలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి జంఖానా మీద చేయి వేసింది. బురద మీద, పచ్చటి పిలకల మీద, కాలువ మీద నడిపింది. నడిమి ఎర్రటి గడ్డ మీదికి వచ్చాక ఆ చేయి ఆగింది.

"గిది మా మడేనా?" అంది.

"వదినె" అన్నాడు యాకయ్య.

"మా మడేనా అని అడుగుతాన."

"ఔ."

"పశ్చాత్తాపమట. పేపర్ల ఏసిండ్రు. ఎవలకు చెప్పినవ్? ఇన్నేండ్ల సంది నాకు చెప్పినవా?"

ఆమె సంచిలో చేయి పెట్టి కొడవలి తీసింది. అతను చూశాడు. పక్కకు తప్పుకోవడానికి చోటుంది, తప్పుకోలేదు. కొడవలి కుడి భుజం మీద దిగి మోచేతి దాకా చీల్చుకుంటూ వచ్చింది. చొక్కా, తోలు, కండ ఒక్కసారే తెరుచుకున్నాయి. పిల్లలు గోలగా బయటికి పరుగెత్తారు. యాకయ్య గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఆమె రెండో వేటు అతని మీద వేయలేదు, జంఖానా వైపు తిరిగింది. కొడవలి కొనను ఎర్రటి గడ్డలో గుచ్చి, వరి కోసినట్టు గుంజింది. కొబ్బరి పీచు తెగలేదు. రెండు చేతులతో పట్టుకుని, కాలు గోడకు తన్ని, మూలుగుతూ గుంజింది. చీర పేలికలు పర్రున చిరిగాయి. జానెడు, రెండు జానలు, మూరెడు. ఆమె చేతులు యాకయ్య నెత్తుటితో తడిసి పిడి జారుతుంటే కొంగుకు తుడుచుకుని మళ్లీ పట్టింది.

గేటు దగ్గరి వాచ్‌మన్ మహిపాల్ లాఠీతో పరుగెత్తుకొచ్చాడు. అతనికి కనిపించింది కొడవలి పట్టిన మనిషి, నెత్తుటి మడుగు. మొదటి దెబ్బ ఆమె మణికట్టు మీద వేశాడు. కొడవలి కింద పడింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. వీపు మీద ఇంకొకటి వేసి, మెడ పట్టి నెట్టాడు. మొగిలమ్మ తల గోడ మూలకు కొట్టుకుంది. తెల్లటి పాపిట ఎర్రబడింది. ఆమె కింద పడ్డాక కాలితో తన్నాడు.

యాకయ్య ఎట్లా లేచాడో అతనికి గుర్తులేదు. ఎడమ పిడికిలితో మహిపాల్ ముఖాన గుద్దాడు. మహిపాల్ లాఠీ వదిలేసి మోకాళ్ల మీద పడ్డాడు. ముక్కు పట్టుకుని తలెత్తి చూశాడు. యాకయ్య ఎడమ చేతిలో ఇందాక తను కూర్చున్న స్టీలు స్టూలుంది. ఆగడానికి సమయముంది. అది అతనికి తెలుసు, ఆ సమయం ఎంత పొడుగుంటుందో అతనికంటే బాగా తెలిసినవాడు ఆ ఊళ్లో లేడు. ఆగలేదు. స్టూలు మహిపాల్ మెడ పక్కన దిగింది. ఎముక విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది.

గోడ వారన పడున్న మొగిలమ్మ కళ్లార్పకుండా చూసింది.

ముగ్గురికీ దవాఖానలో కట్లు కట్టించాక, మహిపాల్‌ను అక్కడే ఉంచి ఇద్దరినీ స్టేషన్‌కు తీసుకుపోయారు. యాకయ్య చేతికి ముప్పై రెండు కుట్లు పడ్డాయి. మొగిలమ్మ తలకు ఏడు. ఇద్దరినీ ఒకే బెంచీకి చెరో కొసన కూర్చోబెట్టారు. కొడవలి ఎవరిదని ఎస్సై అడిగితే, చేయి ఎట్లా తెగిందో తనకు తెలియదన్నాడు యాకయ్య. ఆమె మీద ఫిర్యాదు ఏమీ లేదన్నాడు. ఎస్సై ఆమె వైపు తిరిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. తనే కోసిందని, చంపుదామనే వచ్చిందని, వాచ్‌మన్ తనను కొట్టాడని, యాకయ్య వాచ్‌మన్‌ను రెండుసార్లు కొట్టాడని, రెండోది అవసరం లేకున్నా కొట్టాడని. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట కలపలేదు.

ఎస్సై ఫోను రావడంతో బయటికి పోయాడు. ఆమే మొదలుపెట్టింది.

"ఒకటి అడుగుత. నిజం చెప్పు."

"చెప్త వదినె."

"మొదటి దెబ్బకే కింద పడ్డడు గదా. నీ దిక్కు చూసిండు గదా. ఇంక దేనికి కొట్టినవ్?"

కోర్టులో అందరూ అతను కోపంలో ఒళ్లు మరిచాడా లేదా అనే వాదించారు. ఎవరూ అతన్ని ఇట్లా అడగలేదు. యాకయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేస్తే నన్ను మళ్ల నవ్వుతడనుకున్న" అన్నాడు. "సస్తడని తెలుసు. తెలిసే కొట్టిన."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. తిట్టలేదు. ఎన్నాళ్ల నుంచో పంటి కింద ఉన్న రాయి ఊసినట్టు ఒక ఊపిరి వదిలింది.

అప్పుడే సుభాషిణి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. మొగిలమ్మ ముందు కింద కూర్చుని, ఆ అట్ట తనే రాశానని, పేపరు వాళ్లకు తనే చెప్పానని, యాకయ్య ఆ మాట అనలేదని ఒప్పుకుంది. మొగిలమ్మ ఆమె మాట పూర్తిగా వినలేదు.

"గది నాకు గావాలె" అంది.

"ఏది అమ్మా?"

"గోడకున్నది. అండ్ల ఉన్నది నా మొగని సావు. మీరు వచ్చిపోయేటోళ్లందరికీ చూపెడ్తాండ్రు. అది నా ఇంట్ల ఉండాలె."

సుభాషిణి యాకయ్య వైపు చూసింది. "ఇయ్యండి మేడం" అన్నాడతను.

పోలీసులు రాతకోతలు ముగించి ఆమెను ఇంటికి పంపేసరికి వారం పట్టింది. చేయి ఎట్లా తెగిందో తెలియదనే మాట మీదే యాకయ్య ఉండడంతో ఆమె మీద కేసు నిలవలేదు. యాకయ్య మీద నిలిచింది. మెడ కింది ఎముక విరిగిన మహిపాల్ మూడు నెలలు పనికి పోలేకపోయాడు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. యాకయ్య రెండు నెలలు మళ్లీ లోపల ఉండి బెయిలు మీద వచ్చాడు. విడుదలను రద్దు చేస్తారా లేదా అన్నది ఇంకా తేలలేదు. తేదీ వచ్చినప్పుడల్లా యాదవ్వ సద్ది కట్టి తోడు పోతుంది. ఒకసారి కోర్టు వరండాలో మహిపాల్ ఎదురైతే యాకయ్య దగ్గరికి పోయి తప్పు తనదన్నాడు. మహిపాల్ అతని ముఖాన ఉమ్మేసి పక్కకు జరిగాడు. యాకయ్య ముఖం తుడుచుకుని తన చోటుకు వచ్చి కూర్చున్నాడు. పిడికిళ్లు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడని యాదవ్వ తర్వాత చెప్పింది.

కుడి చేయి పైకి లేవదు. పంజా ఎడమ చేత్తో పట్టడం నేర్చుకున్నాడు, అందుకే ఇప్పుడు అతని బట్ట ఒక అంచున చిక్కగా, ఒక అంచున వదులుగా వస్తుంది. ఆటోల వాళ్లకు ఆ తేడా పట్టదు. సుభాషిణి ఆ తేడానే చూసి ఆగుతుంది. ఆమె ఇప్పటికీ వస్తుంది. గోడ మాట ఎత్తదు. కింద పరుచుకోవడానికని ఒకటి తీసుకుని, దాని మీద కూర్చునే పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటానని చెప్పింది.

మొన్న వేసవిలో మార్కెట్‌కు మిరపకాయలు తెచ్చిన ఒక మనిషి, మొగిలమ్మ ఊరివాడు, షెడ్డు దగ్గర ఆగాడు. యాకయ్య అడగలేదు గానీ అతనే చెప్పాడు. ఆమె ఆ జంఖానాను ఇంటికి తీసుకుపోయి రెండు రోజులు మూట విప్పలేదట. మూడో రోజు గోనె సూదితో ఆ మూరెడు చీలికనూ తనే కుట్టి, వాకిట్లో ఎండకు పరిచి మిరపకాయలు పోసిందట. ఎగుడుదిగుడు బట్ట కదా, కింద గాలి ఆడి కాయ త్వరగా ఎండుతోందట. పక్కింటివాళ్లు ఒక వారానికి ఇమ్మంటే ఇవ్వలేదట.

"నీ గురించి ఏమన్న అన్నదా అంటే, ఏమనలే" అన్నాడతను.

యాకయ్య అతనికి మంచినీళ్లిచ్చి, మళ్లీ వచ్చి మగ్గం ముందు కూర్చున్నాడు.